శుభ్రం డబ్బులు

వరహాలరావుది చోడవరం దగ్గర పల్లె. పెళ్ళయిన కొత్తలోనే భార్య రత్నాలుని వెంటబెట్టుకుని అరకు వచ్చి కిరాణా కొట్టు పెట్టాడు. నాలుగు రాళ్ళు చేతిలో ఆడాక కొట్టు వెనక జాగాలో రెండు గదులు, ఓ వంటిల్లు కట్టించాడు. చింతపండు, పిప్పళ్ళు సంతలో కొని నిలవ చేసుకోడానికి కట్టించిన గదులవి. అయితే ఓ చలికాలం విశాఖపట్నం నుంచి కిరండోలు రైలుబండిలో వచ్చిన కుటుంబం ఒకటి, ఉండటానికి చోటు దొరక్క, మంచులో వణుకుతూ కొట్టు ముందు నిలబడింది. పాపమని గదులు ఇచ్చాడు. వాళ్ళు వెళ్ళేటప్పుడు అద్దె చేతిలో పెట్టారు, ఊరికెళ్ళి ఇంకొందరికి చెప్పారు. మరుసటి ఏటికి చింతపండు బస్తాలు మళ్ళీ కొట్టులోకి వచ్చేశాయి, గదుల్లోకి మంచాలు వెళ్ళాయి.

అద్దె సంగతి వరహాలరావు చూసుకునేవాడు. గదుల సంగతి రత్నాలుది. అక్కడే ఆమెకి తల తిరగడం మొదలైంది.

శుభ్రం అంటే ఏమిటో రత్నాలుకి పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ తెలుసు. తెల్లారి లేచి కళ్ళాపి చల్లడం, ముగ్గు వెయ్యడం, గచ్చు కడగడం. అదే చేసింది. ఒకాయన గుమ్మంలో ఆగిపోయి, పేడ వాసన వస్తోందని ముక్కు మూసుకున్నాడు. సరే కదా అని ఫినాయిలు తెప్పించి పోస్తే, తర్వాత వచ్చినావిడ ఇదేమిటి ఆసుపత్రిలా ఉందని తలుపులన్నీ బార్లా తీయించింది. ఒకరు గోడ మీద బల్లిని చూపించి, అది ఎప్పుడు పోతుందని అడిగారు. బల్లి ఎప్పుడు పోతుందో రత్నాలుకి ఎలా తెలుస్తుంది?

ఆ మధ్య కాలేజీ కుర్రాళ్ళు కొందరు దిగారు. వాళ్ళు వెళ్ళాక చూస్తే గచ్చు మీదే మంట వేసి కోడిని కాల్చుకున్నారు. ఈకలు, బూడిద, గోడకి నూనె చేతుల మరకలు. కొండ అవతలి గూడెం నుంచి వచ్చి గదులు తుడిచి వెళ్ళే సోంబారి ఆ పూటంతా ఇసక వేసి రుద్దినా నల్లటి మచ్చ పోలేదు. తనకిచ్చేది పెంచమని సోంబారి నోరు తెరిచి అడగలేదు. చీపురు మూల పెట్టి, నడుం పట్టుకుని అలా కూర్చుండిపోయింది. అది చూశాక రత్నాలు భర్తతో గట్టిగా చెప్పింది.

"అద్దె మీ ఇష్టం. తుడిసినందుకు వేరేగా తీసుకోండి. అది సోంబారికే ఇచ్చీయాల."

వరహాలరావు ఓ అట్టముక్క మీద "అద్దె వేరు, శుభ్రం చేయించుటకు వేరు" అని రాసి తలుపుకి తగిలించాడు. దాంతో చిక్కు తీరుతుందనుకుంది రత్నాలు. తీరలేదు సరికదా, ఇదివరకు మొహమాటానికైనా తమ విస్తళ్ళు తాము తీసుకెళ్ళి పారేసినవాళ్ళు, ఇప్పుడు మంచం కిందకి తోసి వెళ్తున్నారు. అదేమిటని అడిగితే, డబ్బు ఇస్తున్నాం కదా అంటున్నారు. డబ్బు తీసుకుంటే మురికి ఎక్కువవడం ఏమిటో ఆమెకి అంతుపట్టలేదు.

పొలాల్లో వలిసె పూలు పచ్చగా విరగబూసిన రోజుల్లో జగన్నాథరావు, విజయలక్ష్మి అని దంపతులు దిగారు. ఆయన విశాఖపట్నంలో ఏదో ఆఫీసులో గుమాస్తా. పిల్లలు లేరు. ఆమె సన్నగా, ఎవరో పిలిచినట్టు మాటిమాటికీ వెనక్కి చూసుకునే మనిషి. రత్నాలు తలుపు తీసి గదులు చూపించింది. సోంబారి ఆ ఉదయమే కడిగి వెళ్ళింది, గచ్చు అద్దంలా ఉంది. విజయలక్ష్మి సంచీ కింద పెట్టకుండానే అడిగింది.

"చీపురు ఉందా పిన్నిగారూ?"

"తుడిసే ఉంది కదమ్మా."

"ఉందండి, చూశాను. ఊరికే."

ఊరికే అంటూనే రెండు గదులూ తుడిచింది. మర్నాడు తెల్లవారి రత్నాలు నీళ్ళకి వెళ్తుంటే వంటింట్లోంచి గచ్చు రుద్దుతున్న చప్పుడు వినిపించింది. ఆ సాయంత్రం జగన్నాథరావు ఒక్కడే వెళ్ళి బొర్రా గుహలు చూసి వచ్చాడు. ఆవిడ రాలేదేమని వరహాలరావు అడిగితే, కిటికీ చువ్వలు తుడుస్తోందని చెప్పి, నవ్వబోయి మానేశాడు.

రత్నాలుకి మనసులో కలుక్కుమంది. కడిగిన గదిని కడుగుతోందంటే నచ్చలేదనే కదా. తమ ఇంటి పద్ధతిని తప్పుపడుతోందా? పోనీ మడీ ఆచారమూ ఉన్న మనిషా అంటే, కొట్లో అందరూ తాగే గ్లాసుతోనే టీ ఇస్తే కళ్ళకద్దుకుని తాగింది. మరేమిటి?

వెళ్ళే రోజు మధ్యాహ్నం విజయలక్ష్మి వచ్చి పిలిచింది.

"ఒక్కసారి వచ్చి గదులు చూస్తారా పిన్నిగారూ?"

వెళ్ళి చూసింది. దుప్పట్లు మడతపెట్టి ఉన్నాయి. పొయ్యిలో బూడిద ఎత్తి, పొయ్యి చుట్టూ అలికి ఉంది. సోంబారి ఇసక వేసినా పోని ఆ నల్లటి మచ్చ కూడా కాస్త వెలిసింది. విజయలక్ష్మి గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని, రత్నాలు కళ్ళు ఎటు తిరిగితే అటు చూస్తోంది.

"బాగుందమ్మా," అంది రత్నాలు.

"అయితే ఆ శుభ్రం డబ్బులు ఇవ్వక్కర్లేదు కదండీ?"

రత్నాలు తడబడింది. "అది మాకు కాదమ్మా. తుడిసే మనిషికి."

"ఆవిడ వచ్చి ఏం తుడుస్తుందండీ? మురికి ఎక్కడైనా ఉంటే చెప్పండి, ఇప్పుడే తీసేస్తాను."

"మురికని నానన్నానా? అందరికీ ఒకటే పద్ధతి పెట్టుకున్నాం."

"మురికి లేదని మీరే అన్నారు. మరి దేనికండీ?"

ఆమె గొంతు పెంచలేదు. నిజంగానే తెలియక అడుగుతున్నట్టు అడిగింది. డబ్బు మురికికా, పనికా, మనిషికా? పెట్టిన రోజున రత్నాలు ఇంత ఆలోచించలేదు. ఇంతలో జగన్నాథరావు పెట్టె పట్టుకుని వచ్చి, బండికి వేళయిందంటూ డబ్బులు రత్నాలు చేతిలో పెట్టేశాడు. విజయలక్ష్మి ఆ చేతి వంక చూసి, భర్త వెనకే స్టేషనుకి నడిచింది.

వాళ్ళు మలుపు తిరిగారో లేదో సోంబారి వచ్చింది. గది గుమ్మంలో అడుగుపెట్టి, అక్కడే ఆగిపోయింది.

"ఎవులు తుడిసినారమ్మా?"

"ఆవిడే తుడిసీసుకుంది. ఇవిగో నీ డబ్బులు. ఈ పూటకి ఎల్లు."

సోంబారి డబ్బులు అందుకోలేదు. "నాను సేసింది బాగోనేదని సెప్పిందా?"

"నేదే. ఏటీ సెప్పలేదు."

"మరి నా పని ఆ అమ్మ ఎందుకు సేసినాది?"

"నాకేటి తెలుసు సోంబారీ. నన్నడిగితే నానెవులినడగను?"

సోంబారి నడుముకి కొంగు బిగించి బావి దగ్గరికి వెళ్ళి నీళ్ళు తెచ్చింది. వద్దంటున్నా వినకుండా గదుల్లో కుమ్మరించి, కొండచీపురుతో కడిగి, గుడ్డతో తుడవడం మొదలుపెట్టింది. పని చెయ్యకుండా డబ్బు పట్టుకెళ్తే ఇంట్లో ఏమని చెప్పాలంటుంది. రత్నాలు గుమ్మంలో చతికిలబడింది. చూస్తుండగానే కడిగిన గదినే మరోసారి కడుగుతోంది సోంబారి. ఆపాలో, సాయం పట్టాలో తెలియలేదు.

సరిగ్గా అప్పుడే దంపతులిద్దరూ పెట్టెతో సహా వెనక్కి వచ్చారు. టైడా స్టేషను అవతల పట్టాల మీద రాళ్ళు పడ్డాయట. రేపటిదాకా బండి లేదని స్టేషనులో చెప్పారట. జగన్నాథరావు ఈ మాట వరహాలరావుకి చెబుతుండగా విజయలక్ష్మి నేరుగా గదుల దగ్గరికి వచ్చేసింది.

గచ్చు మీద నీళ్ళు. మధ్యలో వంగి సోంబారి.

విజయలక్ష్మి ముఖం పాలిపోయింది. "అంటే శుభ్రంగా లేదనేగా," అంది మెల్లగా. "బాగుందని నా ముఖం మీద చెప్పి, నేను వెళ్ళగానే కడిగిస్తున్నారు."

"అది కాదమ్మా," అంటూ లేచింది రత్నాలు.

విజయలక్ష్మి తడి గచ్చు మీదకే నడిచి సోంబారి ముందు నిలబడింది. "ఎక్కడుందమ్మా మురికి? ఒక్కచోట చూపించు."

సోంబారి బెదిరిపోయింది. ఆ మాటలో సగమే అర్థమయింది ఆమెకి. తనను తిడుతున్నారనుకుంది. తాను పని చేసినట్టు రుజువు చూపించాలనుకుందేమో, గుడ్డ పిండిన బక్కెట్టు ఈడ్చుకొచ్చి ముందు పెట్టింది. విజయలక్ష్మి వంగి చూసింది. రత్నాలూ చూసింది. అందులో నీళ్ళు బావిలోంచి తోడినట్టే తేటగా ఉన్నాయి.

"మురికి నేదమ్మా," అంది సోంబారి, తప్పు తనదే అన్నట్టు. "ఎంత కడిగినా రానేదు."

విజయలక్ష్మికి నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. కాసేపటికి ఏడుపేనని రత్నాలుకి తెలిసింది.

గచ్చు ఆరేదాకా కూర్చోడానికి చోటు లేదు. ముగ్గురూ వెనక అరుగు మీద కూర్చున్నారు. రత్నాలు టీ కాచి తెచ్చింది. గ్లాసు చేతుల్లో తిప్పుకుంటూ విజయలక్ష్మి తన సంగతి చెప్పుకొచ్చింది. పెళ్ళయినప్పటినుంచీ విశాఖపట్నంలో అద్దె వాటాల్లోనే కాపురమట. ఏ ఇల్లు ఖాళీ చేసినా, ఇల్లు పాడుచేశారని వంక పెట్టి ఇంటివాళ్ళు అడ్వాన్సు పట్టేసుకునేవారట. ఒకావిడైతే నలుగురిలో నిలబెట్టి, నీ కాపురమంతా జిడ్డేనందట.

"ఆయన పోనీలే అంటారు. డబ్బు పోతే పోనీ పిన్నిగారూ. మన వెనక ఎవరో కడుక్కోవలసి వచ్చిందంటే నాకు అన్నం సయించదు."

రత్నాలు తన గ్లాసు కింద పెట్టేసింది. తానూ ఇప్పుడు ఆ ఇంటివాళ్ళలో ఒకతేనా? కానీ డబ్బు తిరిగి ఇచ్చేద్దామంటే, పక్కన సోంబారి తన గ్లాసు ఊదుకుంటూ కూర్చుంది. ఆమె వచ్చేది గూడెం నుంచి, కొండ దిగి. ఆ డబ్బు మీదే ఉప్పూ కిరసనాయిలూ ఆమెకి.

"ఇందులో మిమ్మల్ని అన్నది ఏటీ నేదమ్మా," అంది చివరికి. "సోంబారికి ఇది పని. మురికున్నా, నేకపోయినా."

విజయలక్ష్మి సోంబారి వైపు తిరిగింది. మొదటిసారి ఆమెను సరిగా చూసినట్టు చూసింది. "నేను తుడిస్తే నీకు పని పోతుందా?" అని అడిగింది.

సోంబారి రత్నాలు ముఖం చూసి, తర్వాత అవునన్నట్టు బుర్ర ఊపింది. "నాను బాగా సెయ్యనేదనుకున్నాను."

"అయ్యో, నువ్వు చేసింది బాగుంది. నేనే ఉండలేకపోయాను."

ఒకరి భాష ఒకరికి సగమే అందింది. గచ్చు ఆరగానే సోంబారి డబ్బులు తీసుకుని వెళ్ళిపోయింది. వెళ్తూ రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది.

మర్నాడు బండి నడిచింది. దంపతులు పెందలాడే బయలుదేరారు. విజయలక్ష్మి రత్నాలు చేతికి ఆ రాత్రి అద్దే, శుభ్రం డబ్బులూ తనే అందించి, వెళ్ళొస్తాం పిన్నిగారూ అని, దించిన తల ఎత్తకుండా నడిచింది. ఈసారి గదులు చూడమని పిలవలేదు.

సోంబారితో కలిసి రత్నాలు తలుపు తీసింది. దుప్పటి మంచం మీద కుప్పగా పడి ఉంది. కమలాపండు తొక్కలు కిటికీలో ఉన్నాయి. టీ తాగిన గ్లాసులు కడగకుండా గచ్చు మీద దొర్లుతున్నాయి. దువ్వెనకి ఊడివచ్చిన జుట్టు ఉండచుట్టి మూల పారేసి ఉంది. పొయ్యిలో బూడిద అలాగే ఉంది.

రత్నాలు ఆ తొక్కల వైపు చూస్తూ ఉండిపోయింది. కోపమొచ్చి ఇలా వదిలేసి వెళ్ళిందా? డబ్బు తీసుకుంటున్నారు కదా, చేసుకోండి అనా? లేక సోంబారి కోసం మనసు చంపుకుని, ఒక్కొక్క తొక్కా తీసి కిటికీలో పెట్టిందా? రైల్లో ఇప్పుడు అన్నం సయిస్తుందా ఆమెకి?

సోంబారి మాత్రం గది అంతా కలియజూసింది. ముఖం విచ్చుకుంది. కొంగు బిగించి, గ్లాసులు ఏరుతూ, తన భాషలో ఏదో కూనిరాగం మొదలుపెట్టింది.

కొట్లోంచి వరహాలరావు కేకేశాడు. "ఏటే, గదులు బాగానే ఒగ్గినారా?"

రత్నాలు గుమ్మంలోంచి వెనక్కి తిరిగింది. అవునని చెప్పాలో కాదని చెప్పాలో తెలియలేదు.

"ఏమోనండీ," అంది. "నాకేటీ తెలీడం నేదు."