కళ్లున్న అక్షరాలు

నంద్యాల గాంధీచౌకు పక్క సందులో ‘బుడేన్ ఆర్ట్స్’ అన్న బోర్డు ఇప్పటికీ చెక్కుచెదరకుండా ఉంది. దాన్ని రాసిన చెయ్యే ఖాళీగా ఉంది. ఫ్లెక్సీలు వచ్చాక బ్రష్షుతో బోర్డు రాయించుకునేవాళ్లు కరువయ్యారు. బుడేన్ ఇప్పుడు బండ్లకు నంబరు ప్లేట్లు రాస్తూ, ఊళ్లో ఏ ఫ్లెక్సీలో ఏ అక్షరం వంకరపోయిందో చూసి తిట్టిపోస్తూ పొద్దుపుచ్చుతున్నాడు. నిజం చెప్పాలంటే, రెండో పనిలోనే ఆయనకు తృప్తి ఎక్కువ.

కూతురు రుక్సానా అదే అంగడి వెనకగదిలో కంప్యూటరు ముందు కూర్చుని ఫాంట్లు చేస్తుంది. తండ్రి బ్రష్షుతో చేసిన పనే ఆమె మౌసుతో చేస్తుంది కాబట్టి అక్కడిదాకా ఆయనకు పేచీ లేదు. పేచీ అంతా ఈసారి ఆమె తలకెత్తుకున్న పనితోనే వచ్చింది. ఆ అక్షరాలు తెలుగువి కావు, ఉర్దూవి కావు, ఇంగ్లీషువి అసలే కావు. భూమ్మీద ఎవ్వరివీ కావు.

హైదరాబాదులో ఒక కంపెనీ, ఫోన్లలో ఆడుకునే ఆట ఒకటి తయారుచేస్తోంది. ఆ ఆటలో కొండగుహల్లో బతికే మిరుగులనే జాతి ఉంటుంది. రాసిన మాట మనల్ని చూస్తూ ఉంటుందని మిరుగుల నమ్మకం. మాట తప్పితే గోడమీది రాతకు తెలిసిపోతుందట. ఆ జాతికి ఒక లిపి కావాలన్నారు. రుక్సానా ఎగిరి గంతేసి ఒప్పుకుంది. కొండచరియల్లా కోసుగా, మొనదేలి ఉండే గీతలు గీసి, ప్రతి అక్షరం కడుపులో ఒక గుండ్రటి చుక్క పెట్టింది. అది ఆ అక్షరానికి కన్ను. ఇన్నేళ్లూ ఎవరెవరివో అక్షరాలకు మెరుగులు దిద్దిన పిల్లకు, తన కడుపున పుట్టినట్టుగా ఒక లిపి దొరికింది. ఆ సంతోషంలో అన్నం తినడం కూడా మరిచిపోయేది.

ఒకసారి తండ్రిని పిలిచింది. "నాయనా, ఒకపారి వచ్చి చూడు. ఎట్లుండాయో చెప్పు."

"ఏ బాసవి?"

"ఏ బాసవీ కాదు. నేను పుట్టించినవి."

"చదివేటోల్లు ల్యాని రాత ఏం రాతమ్మే? పెండ్లికొడుకు ల్యాకుండా పెండ్లి చేస్తాండావు." అని బుడేన్ నంబరు ప్లేటు మీదికి వంగాడు. "ఎవురన్నా చదివిననాడు పిలువు, వచ్చి చూస్తా."

అన్నమాటకు కట్టుబడే మనిషి ఆయన. నెలలు గడిచినా ఆ గదిలోకి వెళ్లి తెరవైపు కన్నెత్తి చూడలేదు. రుక్సానాకు అది ముల్లులా గుచ్చుకునేది. లోకమంతా మెచ్చుకున్నా సరే, బోర్డు రాసే బుడేన్ చూసి 'ఊఁ' అంటేనే అది అక్షరమని ఆమె లెక్క. పిచ్చిపిల్ల!

అంతలో హైదరాబాదు నుంచి అర్చన ఫోను చేసింది. ఆటలో బొమ్మలూ అక్షరాలూ ఎలా ఉండాలో తేల్చే పెద్ద ఆమే.

"రుక్సానా, పెద్దగా చూస్తే మీ లిపి అద్భుతం. కానీ ఫోన్లో చిన్నగా పడేసరికి అంతా గందరగోళమే. ఏ అక్షరం చూసినా చుక్కే. ఆడి చూసినవాళ్లందరూ కళ్లలో పొడిచినట్టుంది అంటున్నారు."

రుక్సానా ఫోను తెరిచి చూసుకుంది. ఆమె చెప్పింది నిజమే. తన అక్షరాలు కనబడటం లేదు, సజ్జరొట్టె మీద నువ్వులు చల్లినట్టు చుక్కలే కనబడుతున్నాయి.

చుక్కను చిన్నది చేసింది, మాయమైపోయింది. పెద్దది చేసింది, అక్షరాన్నే మింగేసింది. పక్కకు జరిపింది, పైకి లేపింది, ఏం చేసినా కథ మొదటికే వచ్చింది. అర్చన మళ్లీ ఫోను చేసి చివరిమాట చెప్పింది. "రెడీమేడ్ లిపి ఒకటి మా దగ్గర సిద్ధంగా ఉంది. శుక్రవారం ఆళ్లగడ్డకు వస్తున్నాం కదా, రాయి మీద మీ అక్షరాలు చూసి అక్కడే తేల్చేస్తాం. ఏమీ అనుకోకండి."

ఆళ్లగడ్డ రాయి సంగతి రుక్సానా పెట్టిందే. ఆట ప్రకటన కోసం మిరుగుల ప్రమాణం చెక్కిన నిజం రాయి ఒకటి కావాలని కంపెనీ అడిగితే, మా పక్కనే ఆళ్లగడ్డ ఉండగా వేరే చోటెందుకని ఆమే అక్కడి శిల్పి, తండ్రికి పాత స్నేహితుడు గురవయ్యకు పని అప్పజెప్పింది. దేశమంతటికీ దేవుళ్లను చెక్కి పంపే ఊరది. ఫోనులో అక్షరాల బొమ్మ పంపి, "మామా, ఈ చుక్కలుండాయే, ఇవి అక్షరాలకు కండ్లు. జాగ్రత్త!" అని మరీమరీ చెప్పింది. గురవయ్య కూడా "కండ్ల సంగతి నాకు చెప్పాల్నా పాపా?" అని నవ్వాడు.

శుక్రవారం పొద్దున ఆమె బస్సుకు బయల్దేరుతుంటే బుడేన్ ఉతికిన చొక్కా వేసుకుని వెంటపడ్డాడు.

"నువ్వెందుకు నాయనా?"

"గురవయ్యన్నను చూసి శానా దినాలాయ. వాని షెడ్డు బోర్డు నేనే గదా రాసింది. రంగు పోయిందేమో చూసొస్తా." అన్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, బిడ్డకోసం వస్తున్నానని చెప్పలేక బోర్డు మీద పెట్టాడు. రుక్సానాకు అర్థమైంది, ఆయనకు తెలియకుండా నవ్వుకుంది.

ఆళ్లగడ్డలో గురవయ్య షెడ్డు ముందు నల్లరాతి దేవుళ్లు వరుసగా నిలబడి ఉన్నారు. నరసింహస్వాములు, అమ్మవార్లు, ఒక మూల ఎవరిదో నాయకుడి విగ్రహం. మొహాలన్నీ నున్నగా తీర్చి ఉన్నాయి కానీ దేవుళ్లెవరికీ కళ్లు లేవు. షెడ్డంతా రాతిపొడి. అర్చన కారు అప్పటికే వచ్చి ఉంది. కెమెరా పట్టుకున్నతను ముక్కుకు గుడ్డ కట్టుకుని దగ్గుతున్నాడు.

గురవయ్య షెడ్డు నడుమ నిలబెట్టిన రాతి మీద గోనెపట్టా లాగేశాడు.

రుక్సానా ఒక అడుగు ముందుకేసి చూసింది. రాతి మీద అక్షరాలు ఎంత అందంగా దిగాయో చెప్పలేం, ప్రతి కోసూ, ప్రతి వంపూ తాను గీసినట్టే ఉంది. కానీ చుక్కలు లేవు. ఒక్క అక్షరానికీ లేదు.

"మామా, కండ్లేవి?" అంటూ రాతిని తడిమింది.

గురవయ్య వింతగా చూశాడు. "ఏందీ పాపా, అట్లంటావు? కండ్లు ముందే తెరుస్తారా యాడన్నా? అంతా అయినంక, సొంతదారులు వచ్చినంక, మంచి గడియ చూసి తెరుస్తాం. ఆ దేవుల్లను చూడు, ఒక్కనికన్నా ఉండాయా? కండ్లని నువ్వే చెప్తివి. అవి నాకు కండ్లే. మీరొచ్చినాక తెరుద్దామని ఆపినా."

తప్పు పట్టడానికి లేదు. తరతరాలుగా చేతికి పట్టిన అలవాటు అది. కానీ తేల్చే రోజున, తేల్చే మనిషి ముందు, తన లిపి గుడ్డిదై నిలబడింది.

అర్చన మాత్రం రాతి చుట్టూ ఒకసారి తిరిగింది. దూరంగా జరిగి కన్ను చికిలించి చూసింది. ఆమె మొహం విప్పారింది.

"రుక్సానా, ఇలా ఎంత శుభ్రంగా ఉంది! ఇప్పుడు చదవడానికి వీలుగా ఉంది. చుక్కలు తీసేయండి, అంతే. ఇప్పుడే ఒప్పేసుకుంటాను. ఆ రెడీమేడ్ లిపి మనకొద్దు."

అడక్కుండానే వరం! ఒక్క 'సరే' అంటే చాలు. పక్కన బుడేన్ కూతురి మొహంలోకి చూస్తున్నాడు. రుక్సానా రాతి వైపు చూసింది. నిజమే, శుభ్రంగానే ఉంది. కానీ ఆ అక్షరాలు ఎవరినీ చూడటం లేదు. మిరుగులు నమ్మిన మాట అందులో లేదు. కొండలను చూసి ఎవడో ఊరికే గీసిన గీతల్లా ఉన్నాయి. తన బిడ్డ కళ్లు పీకి, ఇప్పుడు అందంగా ఉందంటే ఏ తల్లి ఒప్పుకుంటుంది?

"వద్దు మేడం," అంది. తన నోటి నుంచి ఆ మాట వచ్చిందని తనకే నమ్మకం కలగలేదు. "కళ్లు లేకపోతే ఇవి నా అక్షరాలు కావు. కొంచెంసేపు ఆగండి."

"ఎంతసేపు? వెలుతురు పోతే మాకు షూటింగ్ ఉండదు."

"మీ వాళ్లు టీ తాగి వచ్చేలోపల."

అనేసింది గానీ ఏం చేయాలో తెలిస్తేగా! నోరు ముందు నడిచింది, తెల్లమొహం వెనక మిగిలింది. అర్చన తన మనుషులతో రోడ్డువారగా ఉన్న టీకొట్టుకు నడిచింది.

గురవయ్య ఉలి చేతికి తీసుకున్నాడు. "ఇబ్బందేముంది పాపా, అన్నీ ఇప్పుడే తెరుస్తా. యాన్నుంచి మొదలుపెట్టల్ల?"

అన్నీ తెరిస్తే మళ్లీ నువ్వుల రొట్టే. రుక్సానా దిక్కుతోచక తండ్రి వైపు తిరిగింది. "నాయనా, ఉర్దూ బోర్డు రాసేటప్పుడు అక్షరాల పైనా కిందా చుక్కలు నువ్వు ఎప్పుడు పెడ్తాంటివి?"

ఆ పూట ఆమె ఆ ప్రశ్న ఎందుకు అడిగిందో బుడేన్‌కు తెలియలేదు. కానీ అడిగింది బోర్డు గురించి కాబట్టి ఠక్కున చెప్పాడు. "మాటంతా అయినంకనే. నడమధ్యలో బ్రష్షు ఎత్తి చుక్క పెడితే చెయ్యి ఊపు పోతాది. మాట అయిపోవాల, అప్పుడు చుక్క."

చిన్నప్పటి నుంచీ ఆ చేతిని చూసి పెరిగింది కాబట్టే రుక్సానా కంప్యూటర్లోనూ అక్షరాన్ని వేరుగా, చుక్కను వేరుగా గీసుకునేది. గురవయ్యకూ కళ్లు చివరే, నాయనకూ చుక్కలు చివరే. మాట అయిపోయాక. ఆమె నోట ఆ రెండు మాటలూ మళ్లీ మళ్లీ ఆడాయి. ఒక్కసారిగా గురవయ్య వైపు తిరిగింది.

"మామా! అన్నీ వద్దు. ప్రతి మాటకూ కడాకు ఉండే అక్షరం ఉంది గదా, దానికే తెరువు. మధ్యలోవి మూసే ఉండనీ. మాట పూర్తయితేనే కన్ను తెరవాల!"

గురవయ్య తలాడించి పనిలోకి దిగాడు. రుక్సానా ఒక బండరాయి మీద పొడి చేత్తో తుడిచి, ల్యాప్‌టాప్ తెరిచింది. అక్షరం వేరు, చుక్క వేరు ముందే ఉన్నాయి కాబట్టి కొత్తగా గీయాల్సింది ఏమీ లేదు. ఫాంటుకు ఒక నియమం రాస్తే చాలు. నీ పక్కన ఇంకో అక్షరం వస్తే కన్ను మూసుకో, ఎవరూ రాకపోతే తెరుచుకో. మొదటిసారి రాసిన నియమం తిరగబడి, మాట మొదట్లో కన్ను తెరుచుకుంది. నాలుక కరుచుకుని సరిచేసింది.

అర్చన తిరిగి వచ్చేసరికి రాతి మీద చివరి మాట ఒక్కటే మిగిలింది. ముందరి మాటలన్నీ ఒక్కో కన్ను తెరిచి ఉన్నాయి. చుక్కల గందరగోళం లేదు. ఏ మాట ఎక్కడ ముగిసిందో చంటిపిల్లాడికి కూడా తెలిసిపోతోంది. రుక్సానా కొత్త ఫాంటు ఎక్కించిన తన ఫోను అర్చన చేతికి ఇచ్చింది.

"మీ పేరు కొట్టండి మేడం."

అర్చన మొదటి అక్షరం కొట్టింది. అది కన్ను తెరిచింది. రెండోది కొట్టగానే మొదటిది కన్ను మూసింది, రెండోది తెరిచింది. చూపు ఒక అక్షరం నుంచి ఇంకో అక్షరానికి నడుచుకుంటూ వెళ్లి, పేరు చివర నిలబడి, అర్చన మొహంలోకే చూసింది.

అర్చన చెరిపి మళ్లీ కొట్టింది. ఊరి పేరు కొట్టింది. పెద్ద ఉద్యోగం, పెద్ద మాటలు అన్నీ పక్కనపెట్టి చిన్నపిల్లలా కిలకిలా నవ్వింది. "ఇది చూస్తోంది! రుక్సానా, ఇది నిజంగా చూస్తోంది! నేను చుక్కలు తీసేయమన్నాను కదూ? నా మాట విననందుకు మీకు దండం పెట్టాలి. ఇదే మన లిపి. ఆట మొదటి తెర మీద మీ పేరు ఉంటుంది."

షెడ్డులో పనిచేసేవాళ్లంతా ఉలులు పడేసి ఫోను చుట్టూ మూగారు. ఇప్పటిదాకా భూమ్మీద చదివేవాళ్లు లేని లిపిలో అందరికీ తమ పేర్లే కావాల్సి వచ్చాయి. రుక్సానాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, రాతిపొడి పడిందని తుడుచుకుంది. ఆ మాట ఎవరూ నమ్మలేదు.

అప్పుడు గురవయ్య పిలిచాడు. "ఆఖరి కన్ను మిగిలుండాది పాపా. ఇది నేను తెరవను. పుట్టించినోల్లే తెరవాల." అని ఉలీ సుత్తీ ఆమె చేతిలో పెట్టి, ఎక్కడ ఆనించాలో చూపించాడు. కెమెరా తిరగడం మొదలైంది. "అందరూ పక్కకు జరగండప్పా! కన్ను తెరిచేటప్పుడు ఎదురుగా మనిషి ఉండగూడదు. మొదటి చూపు శానా గట్టిది. అద్దం పెడతా, దాంట్లో పడనీ."

అందరూ జరిగారు. బుడేన్ జరగలేదు. రాతికి సరిగ్గా ఎదురుగా, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇన్ని నెలలు కన్నెత్తి చూడనివాడు ఇప్పుడు రెప్ప వేయకుండా ఆ అక్షరాన్నే చూస్తున్నాడు.

"బుడేనూ, నీకే చెప్తాండా. జరుగప్పా!" అన్నాడు గురవయ్య అద్దం పట్టుకుని.

"ఆ అద్దం పక్కన పెట్టు గురవయ్యన్నా," అన్నాడు బుడేన్. "నేను దీన్ని ఒక్కదినం కూడా చూడల్యా. దానికన్నా బుద్ధుండాదేమో, అది మొదట నన్నే చూడనీ. కొట్టమ్మే!"

రుక్సానా సుత్తి ఎత్తింది. ఒక్కటే దెబ్బకు రాతిపెచ్చు ఎగిరిపడి, అక్షరం కన్ను తెరిచి బోర్డులు రాసే బుడేన్‌ను చూసింది.