పొత్తు చెడిన వేసవి

జర్మనీతో యుద్ధం జరిగినన్నాళ్లూ మా మిల్లుల ఊళ్లో లేబర్ పార్టీ పనులు చూసే హిల్డా ఆర్మరాడ్, కన్జర్వేటివ్ పార్టీ ఏజెంటు కత్‌బర్ట్ హాల్‌స్టెడ్ కలిసి చర్చి హాల్లో క్యాంటీన్ నడిపారు. లండన్‌లో రెండు పార్టీలూ ఒకే ప్రభుత్వంలో ఉన్నాయి కనుక ఇక్కడ ఎవరూ తప్పు పట్టలేదు. ఆమె బంగాళదుంపలు ఉడికించేది. ఆయన కోటు విప్పి గిన్నెలు తోమేవాడు. ఆమెకు భర్త లేడు, ఆయనకు భార్య లేదు. పని తెమిలాక పొయ్యి దగ్గర కూర్చుని టీ తాగి, ఎవరిళ్లకు వాళ్లు వెళ్లేవారు.

మే నెలలో జర్మనీ లొంగిపోయింది. ఆ నెల తిరక్కుండానే లండన్‌లో పొత్తు విడిపోయింది. జూలైలో ఎన్నికలన్నారు.

"ఇంక ఆయనతో ఆ టీలు కట్టిపెట్టు హిల్డా," అన్నాడు లేబర్ కమిటీ పెద్ద ఎనక్. "జనం నవ్విపోతారు."

ఆమె చెప్పేలోపే హాల్‌స్టెడ్ రావడం మానేశాడు. గిన్నెలు కూడా ఆమే తోముకుంది.

ఎన్నికల ముందు సంతవీధి సభలో ఆమెను మాట్లాడమన్నారు.

"యుద్ధానికి ముందు మిల్లు మూతబడి మా ఆయన పనిలేక తిరిగాడు. దగ్గుతో మంచం పట్టాడు. అప్పుడు ఈ కన్జర్వేటివ్‌లేం చేశారో తెలుసా? నిరుద్యోగ భత్యం ఇచ్చే ముందు, అమ్ముకు తినడానికి ఇంకేం మిగిలాయోనని మా వంటింట్లో కుర్చీలు లెక్కపెట్టడానికి మనిషిని పంపారు!"

జనం ఈలలు వేశారు. వెనక నిలబడ్డ హాల్‌స్టెడ్ టోపీ పెట్టుకుని వెళ్లిపోవడం ఆమె చూసింది.

లేబర్ గెలిచింది. వీధిలో అందరూ చిందులేస్తుంటే హిల్డా ఆయనింటికి వెళ్లింది. తలుపు తీశాడు గానీ లోపలికి రమ్మనలేదు.

"గెలిచారు. సంతోషమండీ."

"నేనన్నది మిమ్మల్ని కాదండీ."

"నన్నే. ఆ మనిషిని పంపిన కమిటీలో నేనూ ఉన్నాను."

ఆమె ద్వారబంధం పట్టుకుంది. "ఇన్నేళ్లలో ఒక్కసారి చెప్పలేకపోయారా?"

"చెబితే నా పక్కన కూర్చునేవారా?"

అబద్ధం ఆడితే ఆయన తలుపు పూర్తిగా తెరిచేవాడేమో. 

"లేదండీ."

"అందుకే చెప్పలేదు," అన్నాడాయన మెల్లగా.

శీతాకాలం రాకముందే ఆయన సౌత్‌పోర్ట్‌లోని చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయాడు. హిల్డా పురపాలక సంఘ సభ్యురాలైంది. వీధిలో అడుగుపెడితే అందరూ పేరుపెట్టి పలకరించేవారు. ఆమె అందరికీ జవాబు చెప్పేది. ఇంటికి చేరాక మాత్రం, మళ్లీ తెల్లారేదాకా ఆమె గొంతు ఆమెకే వినపడేది కాదు.