బిగించినవాడు

ప్లంబర్ కమోడ్‌ను పైకెత్తి పక్కన పెట్టాడు. దాన్ని నేలకు పట్టి ఉంచాల్సిన ఫ్లాంజ్ రింగు ఓ పక్కకు ఒరిగి ఉంది. చూడగానే అతనికి ఒళ్లు మండింది.

"ఎవరమ్మా ఈ పని చేసిన మహానుభావుడు?"

"మేం ఇల్లు కొన్నప్పటికే అలా ఉంది బాబూ," అంది గుమ్మం దగ్గర నిలబడ్డ ఇంటావిడ.

అతను గొణుక్కుంటూ రింగు మీది మడ్డి గీకాడు. స్క్రూల తలలు ఎక్కడా కనబడలేదు. రింగు కన్నాల్లోంచి మొనలు పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి. అంటే ఎవరో కాంక్రీటు కింది నుంచి బిగించారు.

"ఈ గచ్చు కింద గదేమైనా ఉందా అమ్మా?"

"గదెక్కడిది, అంతా మట్టే."

"అయితే నా వల్ల కాదు. బిగించినవాడే వచ్చి విప్పుకోవాలి," అన్నాడతను విసుగ్గా.

మాట పూర్తయ్యీ కాకముందే ఒక మొన మెల్లగా తిరుగుతూ కిందికి దిగసాగింది.