గొప్పల కాగితం

ఏప్రిల్ వచ్చిందంటే మా ఊళ్ళో పదకొండో తరగతి పిల్లలకి రెండు రకాల బురద. ఒకటి మంచు కరిగి పొలాల్లో పుట్టేది, రెండోది కాలేజీల బురద. మొదటిది నీళ్ళ గొట్టం కింద బూట్లు పెడితే పోతుంది. రెండోదాన్ని నేను ఇప్పటికీ కడుక్కుంటూనే ఉన్నాను.

ఆ ఏడు మా తరగతిలో ముప్పై ఆరుగురం. మార్చిలో, కాలేజీల వాళ్ళు మార్కులు చూసే ఏసీటీ పరీక్ష అయిపోయింది. కాలేజీ వ్యవహారాలన్నీ చూసే కౌన్సిలర్ మిసెస్ కెసెల్ మమ్మల్ని లైబ్రరీలో కూర్చోబెట్టి తలా రెండు కాగితాలు పంచింది. ఒకటి మేం నింపాల్సింది, ఒకటి ఇంట్లో వాళ్ళు నింపాల్సింది. ఇంటి కాగితానికి పైన ఏదో పెద్ద పేరుండేది గానీ, దాన్ని అందరూ గొప్పల కాగితమనే అనేవారు. మీ పిల్ల ఎలాంటిదో మూడు మాటల్లో చెప్పండి. కష్టం వచ్చినప్పుడు ఎలా నిలబడిందో రాయండి. మార్కుల్లో కనపడనిది ఇంకేమన్నా ఉంటే రాయండి. ఇంట్లో వాళ్ళు రాసిన దాన్నిబట్టే ఆవిడ కాలేజీలకి మా గురించి ఉత్తరం రాస్తుంది.

ఆ ఉత్తరం నాకు మిగతా వాళ్ళకంటే ఎక్కువ అవసరం. నది అవతల మిన్నెసోటాలో ఒక కాలేజీ ఉంది. మా బడి నుంచి ఏటా ఒక్క పేరు పంపితే ఆ పిల్లకి నాలుగేళ్ళూ ఫీజు లేకుండా చదువు చెప్తారు. ఎవరి పేరు పంపాలన్నది మిసెస్ కెసెల్ చేతిలో ఉంది. ఆ ఏడు ఊళ్ళో వినపడేవి రెండే పేర్లు, బ్రిట్టా అని నాదీ, ట్రినాదీ.

ట్రినా మా పశువుల డాక్టరు కూతురు. చిన్నప్పటి నుంచీ బస్సులో నా పక్క సీటు దానిదే. వాళ్ళమ్మ రాసిన కాగితం నాలుగు పేజీలొచ్చింది, కంప్యూటర్లో కొట్టించింది. బస్సులో నాకు చూపించి, "మా అమ్మ రాసింది చదివితే ఈ పిల్లెవరో నాకే ఓసారి చూడాలనుంది" అంది. నేనూ నవ్వాను. నవ్వుతూనే ఆ నాలుగు పేజీలూ కళ్ళతో తాగేశాను. నాయకత్వం, పట్టుదల, సేవ, దార్శనికత.

మా అమ్మది చీజ్ ఫ్యాక్టరీలో మధ్యాహ్నం షిఫ్టు. పొద్దునా సాయంత్రం దానితో ఉండేది నువ్వే, నువ్వే రాయి అని కాగితం మా నాన్న ముందు పడేసింది. మా నాన్న వెర్లిన్‌కి యాభై ఎనిమిది ఆవులు. రాయడమంటే ఆయనకి ఏ ఆవు ఎప్పుడు ఎదకొచ్చిందో కొట్టంలో క్యాలెండరు మీద గీసుకోవడం, అంతే. ఆదివారం చర్చి నుంచొచ్చి, భోంచేసి, జేబుకత్తితో పెన్సిలు చెక్కుకుని కూర్చున్నాడు. రెండు గంటలు కూర్చున్నాడు. నేను నీళ్ళకని మూడుసార్లు వంటింట్లోకి వెళ్ళాను. వెళ్ళినప్పుడల్లా పరీక్షలో పిల్లాడిలా మోచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

అది నా చేతికొచ్చాక మేడ మీదికి పోయి చదివాను. మూడు మాటలకి ఇలా ఉంది: "గట్టిది. అబద్ధమాడదు. బాగా తింటుంది."

దాని కింద కష్టం గురించి:

"పోయిన ఆగస్టులో తూర్పు పొలం గేటుకి గొళ్ళెం వెయ్యడం మరిచింది. పెయ్యలు రోడ్డెక్కాయి. చూడి పెయ్య ఒకటి లారీ కింద పడి చచ్చింది. పాలబండి డ్రైవరు గేటు తీసి వదిలేశాడనుకున్నాను. ఆ మనిషికి ఫోను చేసి తిట్టబోతుంటే వచ్చి, గేటు వదిలింది నేనే నాన్నా అంది. అప్పటికి పెయ్య చచ్చి గంట కూడా కాలేదు. చెప్పకపోతే నాకు తెలిసే దారే లేదు."

మార్కుల్లో కనపడని దాని కింద ఒక్క ముక్కే: "ఆవులు దీన్ని చూసి బెదరవు."

అంతే. సగం కాగితం ఖాళీ. ఒక మూల పాలమరక. ముక్కు దగ్గర పెట్టుకుంటే కొట్టం వాసన. నాకు తల కొట్టేసినట్టయింది. బాగా తింటుందట! ఏ కాలేజీ వాళ్ళకి కావాలి ఇది? పైగా నేను చంపిన పెయ్య గురించి నలుగురికీ చెప్పడం. అబద్ధమాడదన్న మాట మీద నా చూపు క్షణం కూడా ఆగలేదు. అది ఒక గుణమని నాకు తోచలేదు, పళ్ళున్నాయి అన్నట్టు రాశాడనుకున్నాను.

మర్నాడు బడి లైబ్రరీలో ఇంకో కాగితం తీసుకుని, మా నాన్న రాసినట్టుగా నేనే రాశాను. మా అమ్మాయి పుట్టుకతోనే నాయకురాలు. పోయిన జులైలో గాలివాన కొట్టి మూడు రోజులు కరెంటు పోతే, చుట్టుపక్కల పిల్లలందర్నీ పోగుచేసి, వంతులు వేసి, ఆవులన్నిటి పాలూ చేత్తో పితికించింది. అది చూసి తండ్రిగా నా కళ్ళు చెమర్చాయి. ఇలా రెండు పేజీలు. గాలివాన వచ్చిన మాట నిజమే. కరెంటు పోయిన మాటా నిజమే. మా నాన్న జనరేటరు పెట్టుకుని ఒక్కడే పాలు పితుక్కున్నాడు. ఆ మూడు రోజులూ నేను ట్రినా వాళ్ళింట్లో ఉన్నాను, వాళ్ళ వైపు కరెంటు పోలేదని, ఏసీ ఉందని.

కింద ఆయన సంతకం నేనే పెట్టి శుక్రవారం ఇచ్చేశాను. అసలుది చింపుదామంటే చెయ్యి రాలేదు, కెమిస్ట్రీ పుస్తకంలో పెట్టాను. ఆ సాయంత్రం కాగితం ఇచ్చావా అని మా నాన్న అడిగితే ఇచ్చానన్నాను. ఆవిడకి నా రాత అర్థమైందా అన్నాడు. బాగా అర్థమైందట అన్నాను.

మంగళవారం మధ్యాహ్నం రెండింటికి మిసెస్ కెసెల్ నన్నూ మా నాన్ననీ రమ్మంది. ప్రతి పిల్లనీ ఇంటి పెద్దతో కూర్చోబెట్టి మాట్లాడటం అక్కడ మామూలే. పెద్దవాళ్ళు ఏం రాశారో మళ్ళీ పైకి తీస్తుందని మాత్రం నేననుకోలేదు. మా నాన్న చర్చి చొక్కా వేసుకొచ్చాడు, జుట్టు తడిపి దువ్వాడు. ఎంత తోమినా గోళ్ళ కింద నలుపు పోలేదు, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

ఆవిడ ఫైలు తెరిచి ఆ రెండు పేజీలూ ఆయన ముందు పెట్టింది.

"వెర్లిన్ గారూ, ఇరవై రెండేళ్ళుగా ఈ కాగితాలు చదువుతున్నాను. మీరు రాసింది టీచర్లందరికీ చదివి వినిపించాను. ఆ గాలివాన సంగతి మీ నోటితో వినాలనుంది నాకు. ఉత్తరంలో అదే ముందు పెడతాను."

మా నాన్న కాగితం దగ్గరికి లాక్కున్నాడు. పేజీ ఎక్కడ తిప్పాడో, ఎక్కడ ఆగాడో నేను చూడలేదు. నా చూపు ఆయన బొటనవేలు మీదే ఉంది. ఆ వేలు నెమ్మదిగా కిందికి జరిగి సంతకం మీద ఆగింది. దాన్ని కప్పేసింది.

"పెద్ద గాలే వచ్చిందండీ" అన్నాడు చివరికి. "పొదుగులు నిండిపోయి ఆవులు ఒకటే అరుపు."

"మరి బ్రిట్టా ఏం చేసింది?"

ఆయన నా వైపు చూడలేదు. చూసుంటే బాగుండేది.

"అందులో రాసి ఉంది కదండీ" అన్నాడు. "అలాగే జరిగింది."

మా నాన్న నోట నేను విన్న మొదటి అబద్ధం అది. ఆయనకి చేతకాని పని. చెవులు ఎర్రబడ్డాయి, మెడ మీద చెమట పట్టింది. మిసెస్ కెసెల్ అది మొహమాటమనుకుని ముచ్చటపడింది. ఇలాంటి తండ్రులు తక్కువమంది ఉంటారంది. మిన్నెసోటా కాలేజీకి బ్రిట్టా పేరే పంపుదామనుకుంటున్నానని కూడా అంది. నేను నెల రోజులుగా ఆ ఒక్క మాట కోసమే బతికాను. వచ్చింది. వచ్చాక దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

తిరిగొచ్చేటప్పుడు ట్రక్కులో, దాణా మిల్లు దాటాక, "ఆ గాలివానప్పుడు నువ్వు ట్రినా వాళ్ళింట్లో ఉన్నావు కదూ" అన్నాడు. అవునన్నాను. ఆయన తల ఊపాడు. ఇంకో మైలు పోయాక అడిగాడు.

"నేను రాసింది అంత బాగోలేదా, తల్లీ?"

నేను కిటికీలోంచి బయటికి చూశాను. తిట్టినా, ట్రక్కు ఆపి దిగి నడువు అన్నా కొంత నయమే. ఆ మనిషి తను సరిగ్గా రాయలేకపోయానని సిగ్గుపడుతున్నాడు.

ఆ వారమంతా ఆయన నాతో మామూలుగానే ఉన్నాడు. పొద్దున్న కొట్టంలో ఫలానా ఆవు కుంటుతోంది చూడన్నాడు. శుక్రవారం, ఊరంతా చేరే చేపల భోజనానికి తీసుకెళ్ళాడు. అక్కడ ట్రినా వాళ్ళ నాన్న వచ్చి, గాలివాన సంగతి టీచర్లు చెప్పారు వెర్లిన్, మాతో ఎప్పుడూ అనలేదేం అని భుజం తట్టాడు. ఆ మూడు రోజులూ నేను తిన్నది వాళ్ళింటి టేబులు మీదే. ఆ సంగతి ఆయన మరిచిపోయాడో, మరిచిపోయినట్టున్నాడో నాకు ఇప్పటికీ తెలీదు. మా నాన్న పళ్ళెంలోకి చూస్తూ ఊఁ అన్నాడు. రెండో అబద్ధం. నేను కాగితం మీద ఆడి ఊరుకున్నాను, ఆయన మాత్రం కనపడినవాడికల్లా ఆడాలి, ఎన్నాళ్ళో తెలీదు.

సోమవారం మొదటి గంట కొట్టకముందే మిసెస్ కెసెల్ గదికి వెళ్ళాను. కెమిస్ట్రీ పుస్తకంలోంచి కాగితం తీసి బల్ల మీద పెట్టాను. మా నాన్న రాసింది ఇది, అది నేను రాశాను, సంతకం కూడా నాదే అని చెప్పాను. ఏడుపు రాలేదు. వచ్చుంటే ఆవిడకి తేలికయ్యేదేమో.

ఆవిడ చదివింది. కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకుంది. "టీచర్లందరికీ చదివి వినిపించాను, బ్రిట్టా" అంది. తిట్టు కాదు. అంతకంటే ఎక్కువే తగిలింది.

కాలేజీకి నా పేరు పంపనని ఆవిడ చెప్పక్కర్లేకుండానే నాకు అర్థమైంది. ఆవిడే చెప్పింది కూడా. మిగతా కాలేజీలకి ఉత్తరం మాత్రం రాయక తప్పదు, ఏ కాగితం చూసి రాయమంటావు అనడిగింది. మా నాన్నదే చూడమన్నాను. కాకపోతే అందులో ఒక మాట ఇప్పుడు నిజం కాదు, అది ఆయన చేతే కొట్టించి తెస్తానన్నాను.

ఆ సాయంత్రం పాలు పితికే వేళ కొట్టంలోకి వెళ్ళాను. మా నాన్న ఒక ఆవుకి పాల మిషను తగిలించి లేచాడు. కాగితం ఇచ్చి, అబద్ధమాడదు అన్నదాన్ని కొట్టెయ్యమన్నాను. ఆవిడకి చెప్పేశానని, పేరు పోయిందని కూడా చెప్పాను.

ఆయన చొక్కా జేబులోంచి పెన్సిలు ముక్క తీసి బకెట్టు బోర్లించుకుని కూర్చున్నాడు.

"చెప్పమని ఎవరన్నా అన్నారా?"

"లేదు."

"ఎప్పుడిచ్చావు ఆ కాగితం?"

"అవతలి శుక్రవారం."

వేళ్ళ మీద లెక్కపెట్టాడు. మాట కొట్టెయ్యలేదు. పెయ్య సంగతి కింద ఖాళీగా ఉన్న చోట, నాలుక కొస పంటికింద పెట్టి, మెల్లగా ఒక వాక్యం రాశాడు. ఊది, మడిచాడు. ఇమ్మని చెయ్యి చాపితే ఇవ్వలేదు.

"రేపు నేనే తీసుకెళ్తాలే" అన్నాడు. "ఆవిడకి నేను చెప్పుకోవాల్సింది ఒకటుంది. దానికి ఇందులో చోటు లేదు."

మర్నాడు కెమిస్ట్రీ క్లాసులో కూర్చుంటే బడి ముందు మా ట్రక్కు ఆగింది. పాలు పితికి నేరుగా వచ్చినట్టున్నాడు, ఈసారి చర్చి చొక్కా లేదు. బూట్లు గుమ్మం బయటే విప్పి మేజోళ్ళతో లోపలికి నడిచాడు. వసారాకి అవతల కౌన్సిలర్ గది అద్దం తలుపులోంచి కనిపిస్తున్నాడు. టోపీ రెండు చేతుల్లో పట్టుకుని నిలబడి ఏదో చెప్తున్నాడు. కూర్చోమని ఆవిడ కుర్చీ చూపించింది. కూర్చోలేదు. మాస్టారు నా పేరు రెండుసార్లు పిలిచారట, నాకు వినపడలేదు.

మిన్నెసోటాకి ట్రినా పేరు వెళ్ళింది. నాకు మా రాష్ట్రంలోనే ఒక కాలేజీలో సీటొచ్చింది. మిసెస్ కెసెల్ రాసే ఉత్తరం నేను చూడనని అందరిలాగే సంతకం పెట్టి ఇచ్చాను, కాబట్టి ఆవిడ ఏం రాసిందో నాకు తెలీదు. మా నాన్న ఆ రోజు కొట్టంలో రాసిన వాక్యం మాత్రం తెలుసు. ఆయన భుజం మీంచి చదివాను.

"ఈసారి పది రోజులు పట్టింది."