కిర్రుమనని కుర్చీ

పెద్దాయన కుర్చీ కిర్రుమనడం మానేసింది. అప్పుడే నాకు అనుమానం పట్టుకుంది.

పొలాల మధ్య ఆయన కాపురమున్న ఈ పాత భవంతిని మ్యూజియం చేసినప్పటి నుంచీ వచ్చినవాళ్లకి గదులు చూపించడం నా పని. ప్రతి గదిలోనూ ఎర్రతాడు కట్టి ఉంటుంది. తాడు దాటి దేనిమీదైనా కూర్చుంటే ఉద్యోగం ఊడినట్టే. మంచం అంచున కాసేపు నడుం వాల్చిందని, తుడిచే ఆవిణ్ణి ఆ పూటే పంపేశారు. చెప్పకూడదు గానీ, రోజంతా నిలబడి కాళ్లు పీకేస్తుంటే, జనం వెళ్లిపోయాక నేను ఆ కుర్చీలో కాసేపు కూలబడతాను. కూర్చోగానే కిర్రుమనేది, వచ్చావా అన్నట్టు.

మొన్న కూర్చుంటే ఉలుకూ పలుకూ లేదు. అటు ఒరిగాను, ఇటు ఒరిగాను. ఊహూఁ. అదే నల్లకర్ర, చేతులకి అవే సింహం తలలు. అయినా ఇది ఆ కుర్చీ కాదు. అసలుదాన్ని ఎవరో ఎత్తుకుపోయి నకలు పెట్టారు.

ఎవరో ఏమిటి నా మొహం, మేనేజరే. ఆయన నవ్వితే పళ్లు కనిపిస్తాయి గానీ నవ్వు కనిపించదు. పోయిన వారం దుప్పటి చుట్టిన మూటేదో వ్యానెక్కించాడు. కిటికీ తెరలట, ఉతకడానికట. నా కళ్లకి మాత్రం ఆ మూటకి నాలుగు కాళ్లున్నట్టే కనిపించింది.

కానీ నకలు చెయ్యాలంటే వడ్రంగి కావాలి. భవంతికి వడ్రంగి నా సొంత తమ్ముడు. వాడు సెలవురోజున కూడా వచ్చి షెడ్డు తలుపులేసుకున్నాడని తోటమాలి చెప్పాడు. ఇద్దరం ఒకే ఇంట్లో ఉంటాం, నాతో ఒక్క ముక్క అనలేదు. అన్నం తింటున్నప్పుడు డొంకతిరుగుడుగా కదిపి చూశాను, కుర్చీలవీ బాగానే ఉన్నాయా అని. వాడు కంచంలోంచి తల ఎత్తలేదు.

"నీకెందుకక్కా, ఊరికే ఉండు," అన్నాడు.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది వాడి వాలకం. ఆ రాత్రి నాకు కునుకు లేదు. చెబితే నా ఉద్యోగం పోతుంది, తమ్ముడూ ఇరుక్కుంటాడు. చెప్పకపోతే కుర్చీ పోతుంది.

ఇంతలో పెద్దాయన మనవరాలు వచ్చింది. మ్యూజియం నడిపే ట్రస్టుకి ఆవిడే పెద్ద, ముసలావిడ. కుర్చీ ముందు నిలబడి, తాతగారు తనని ఒళ్లో కూర్చోబెట్టుకునేవారని మేనేజరుతో చెబుతూ కళ్లు తుడుచుకుంది. ఒక నకలుకి ఆవిడ కన్నీళ్లు పెట్టుకోవడం చూసి నాకు ఒళ్లు మండిపోయింది.

"అమ్మా, అది మీ తాతగారి కుర్చీ కాదు," అన్నాను.

మేనేజరు మొహం మాడిపోయింది. కిటికీ చెక్క బిగిస్తున్న తమ్ముడు సుత్తి కింద పెట్టి, వద్దన్నట్టు తల ఆడించాడు. ఆవిడ కుర్చీని బోర్లించమంది. అడుగున మేకుతో గీసిన పిల్లి బొమ్మ ఉంది, మీసాలతో సహా. చిన్నప్పుడు తనే గీసిందట.

"ఇది మాదే. నీకెందుకు కాదనిపించింది?"

అబద్ధం కోసం వెతుక్కున్నాను. సమయానికి ఒక్కటీ తట్టలేదు.

"ఇదివరకు కిర్రుమనేదమ్మా."

"కూర్చుంటే కదా కిర్రుమనేది," అన్నాడు మేనేజరు, నెమ్మదిగానే.

ఆవిడ నా కాళ్లవైపు చూసింది. జాలిగానే చూసింది గానీ, ఒకరికో రూలు ఇంకొకరికో రూలు పెట్టలేనంది. తాళాలు అప్పజెప్పేశాను.

దారిలో తమ్ముడు పనిముట్ల సంచి మోసుకుంటూ పక్కనే నడిచాడు.

"ఆ చప్పుడు ఆఫీసు గదిలోకి వినిపిస్తోందక్కా. మేనేజరు తలెత్తి చూస్తున్నాడు. అందుకే కీళ్లు బిగించాను."

"నాతో ఓ మాట చెప్పచ్చు కదరా."

"నాకు తెలుసని తెలిస్తే సిగ్గుపడి కూర్చోడం మానేస్తావు. నీ కాళ్ల సంగతి నాకు తెలీదా?"

నాకు ఏడుపు ఆగలేదు. వాణ్ణి దొంగని చేసి, వాడు కాపాడిన ఉద్యోగాన్ని నా నోటితోనే పోగొట్టుకున్నాను.

ఇంటికొచ్చి వంటింట్లో స్టూలు మీద కూలబడ్డాను. అది కిర్రుమంది. వాడి చెయ్యి సంచిలోకి పోబోయింది.

"దాని జోలికి వెళ్లకు," అన్నాను.