నాలుగు గొట్టాలు, నాలుగు గవ్వలు

నేను ఒక చట్రాన్ని. లోపల అద్దం లేదు, బొమ్మ లేదు, గోడకెక్కే యోగం అంతకన్నా లేదు. నాలుగు తెల్లటి ప్లాస్టిక్ నీళ్ళగొట్టాలు, వాటిని కలిపే నాలుగు ఎల్బోలు, మధ్యలో నైలాను దారంతో అల్లిన గళ్ళు. ఒడ్డున పడి ఉంటే విరిగిన క్యారమ్ బోర్డు అంచులనుకొని దాటిపోతారు మీరు. కానీ నాలోంచి కనబడినంత అందమైన లోకం ఏ రాజుగారి మేడ కిటికీలోంచీ కనబడి ఉండదని పందెం కాస్తాను.

నన్ను చేసినవాడు యల్లాజీ. కొండరేవులో పడవల ఇంజిన్లు బాగుచేస్తాడు. కొత్తగా పెళ్ళయినవాడు. పదహార్రోజుల పండుగకి పెళ్ళానికి ఏమివ్వాలా అని బజారంతా తిరిగి, పట్టీల కొట్టు దాటి, చీరల కొట్టు దాటి, పైపుల కొట్టులో ఆగాడట. గొట్టాలు కోసి, వాటికి ఒళ్ళంతా చిల్లులు పెట్టాడు. ఆ చిల్లుల్లోంచి నీళ్ళు తాగితేనే నేను మునుగుతాను. లోకంలో అందరికీ తేలడం విద్య అయితే నాకు మునగడం విద్య. గళ్ళు మాత్రం వల అల్లే ముడితోనే అల్లాడు. ముడి ముడికీ దారాన్ని పంటితో బిగించాడు.

ఆ పెళ్ళాం పేరు నూకరత్నం. యల్లాజీకి మేనమామ కూతురు. పట్నంలో పెరిగి, అలల కింద పెరిగే నాచు గురించీ దాని చాటున బతికే చేపల గురించీ యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. నన్ను చూడగానే రెండు చేతులా ఎత్తి, నెత్తిన గొడుగులా పట్టుకొని వాకిట్లో గిర్రున తిరిగింది.

“ఓలమ్మ, కోక తెత్తే మూల పెట్టింది, గొట్టాలు తెత్తే గెంతులేత్తంది!” అని బుగ్గలు నొక్కుకుంది అత్తగారు పెంటమ్మ. అన్నదే గానీ, మర్నాడు కోడలు స్నానానికి వెళ్ళగానే నా మీద నెత్తళ్ళ చేపలు ఎండబెట్టింది. నేనేమీ బాధపడలేదు. అత్తవారింటికి వచ్చిన కొత్తలో ఎవరికైనా తప్పని చాకిరీయే అది.

నా అసలు పని ఏమిటో చెప్పాలి. ఊరికి ఉత్తరాన సముద్రంలోకి చొచ్చుకుపోయిన బండరాళ్ళున్నాయి. వాటి పక్కన నీళ్ళు రెండు నిలువుల లోతు కూడా ఉండవు. అక్కడ రత్నం, యల్లాజీ మునిగి అడుగున ఒక పొడవాటి తాడు పరిచేవారు. ముందు తాడు వెంట మెల్లగా ఈదుతూ, బెదరకముందే చేపల్ని లెక్క పెట్టాలి. ఆ తరువాత తాడు పక్కన అక్కడక్కడా నన్ను నేలమీద ఆనించి, ఎన్ని గళ్ళను నాచు కప్పిందో, దానిలో ఏ పిల్లచేప దాక్కుందో చూసి ఫొటో తీయాలి. ప్లాస్టిక్ పలక మీద పెన్సిలుతో రాయాలి. నీళ్ళలో పెన్సిలు రాస్తుందని తెలిసి యల్లాజీ ఎంత మురిసిపోయాడో! మొదటిరోజు పలక నిండా తన పేరూ ఆమె పేరూ రాసి, లెక్కలకు చోటు లేకుండా చేశాడు.

ఇక ఆ అడుగున చూడాలి! తమలపాకుకన్నా పల్చటి పచ్చ నాచు, ద్రాక్షగుత్తుల్లాంటిది ఒకటి, జడకుచ్చుల్లా ఎర్రగా ఊగేది ఒకటి, చిన్న చిన్న గాలిబుడగలు మోస్తూ చెట్టులా నిటారుగా నిలబడే గోధుమరంగుది ఒకటి. వాటి సందుల్లో బియ్యపుగింజంత పిల్లలు, గడ్డం కింద రెండు మీసాలతో నేల తడుముకొనే గులివింద చేపలు, పెద్దమనిషిలా ముఖం పెట్టుకొన్న వేలెడంత బొంతచేప పిల్ల. రత్నం నీళ్ళలోనే నవ్వేది. ముక్కుమీది అద్దంలోకి నీళ్ళు దూరేవి. పైకి తేలి, దగ్గి, మళ్ళీ మునిగేది.

ఈ ముచ్చట వెనక ఒక పంతం ఉంది. రత్నం మామగారు ఎర్రయ్యకు అలివి వల ఉంది. పడవ మీద లోపలికి తీసుకెళ్ళి చుట్టివేసి, రెండు కొసలూ పట్టుకొని ఒడ్డునుంచి పాతికమంది లాగే పెద్ద వల. అది సరిగ్గా ఆ నాచు మీదుగానే ఊడ్చుకుంటూ వచ్చేది. వలలో చేపలతో పాటు వేళ్ళతో పెరికినట్టు నాచూ వచ్చేది.

“మావా, పిల్లచేపలు పెరిగే నాలుగు నెలలూ వల కొంచెం దక్షిణానికి లాగకూడదా?” అని అడిగింది రత్నం ఒకరోజు.

“పాసి కోసం వల జరపమంటావేటమ్మా? మనం తినే కూడు ఆ వల్లోదే.”

“పాచి కాదు మావా, అది చేపలకి పుట్టిల్లు.”

“అలాగైతే సూపించు. గంగమ్మ పండక్కి కులపెద్దలు కూకుంటారు. ఆళ్ళ ముందర సూపించు, నానే జరిపేత్తాను. సూపించలేకపోతే మరి ఆ ఊసెత్తకు.”

ఆ ఏడాది వలలు ఎక్కడ వేయాలో ఆ పండుగనాడే తేలుతుంది. అది దాటితే మళ్ళీ ఏడాది దాకా మాట లేదు.

రత్నం రోజూ మునిగింది. ఫొటోల మీద ఫొటోలు తీసింది. పండుగ దగ్గర పడుతుండగా ఆమె గురువు కామేశ్వరి మేడం వచ్చి, అరుగుమీద కూర్చొని అన్నీ చూసింది. చివరికి కళ్ళజోడు తీసి, “నూకరత్నం, మీ సముద్రంలో ఇసుక ఉండదా?” అంది.

నాకు గుండె ఉంటే గుబుక్కుమనేది. నిజమే! ఇన్నాళ్ళలో నేను ఒక్కసారైనా వట్టి ఇసుక మీద కూర్చోలేదు. ఈదుతూ ఈదుతూ ఎక్కడ బాగుంటే అక్కడ నన్ను పెట్టేది మా పిల్ల. సంతోషంలో ఉన్నవాళ్ళకు అందం కనబడిన చోట ఆగడం తప్ప వేరే పని తెలియదు.

“ఇది సర్వే కాదమ్మా, పెళ్ళి ఆల్బం. ముస్తాబైన వాళ్ళనే ముందు నిలబెట్టి తీసినట్టుంది,” అంది మేడం మెత్తగానే. “నాచు ఉన్నచోటే పెట్టావు, నాచు కనబడింది అంటారు మీ మామగారు. ఏం చెప్తావు?”

ఆ పూట రత్నం అన్నం ముందు కూర్చొని లేచిపోయింది. సాయంత్రం ఇసుకలో నిలబడి, చోటు తాను ఎంచకుండా ఉండాలని కళ్ళు మూసుకొని నన్ను విసిరి చూసింది.

“కళ్ళు మూసినా నీ సెయ్యికి తెలుసు రత్నం,” అన్నాడు యల్లాజీ. “పెళ్ళినాడు బిందెలో ఉంగరం అలాగే తీసేవు.”

“అది నువ్వే నా చేతిలోకి తోశావు బావా!”

“ఆ ఊసు మా అమ్మ ముందర సెప్పీకు.”

ఆమె ముఖంలో నవ్వు వచ్చీ రానట్టు వచ్చింది. అప్పుడే అరుగుమీద గలగలమని చప్పుడైంది. పెంటమ్మ పక్కింటామెతో అష్టాచెమ్మా ఆడుతోంది. నాలుగు గవ్వలు పడ్డ తీరునుబట్టి ఒకటో రెండో మూడో, నాలుగైతే చెమ్మ, ఎనిమిదైతే అష్ట. ఏది పడుతుందో వేసేవాళ్ళకే తెలియదు. రత్నం గబగబా వెళ్ళి ఆట మధ్యలో కూలబడింది.

“అత్తా, నీ గవ్వలు నాకియ్యవా?”

“సదువు మానేసి ఆటాడతావేటే?”

“నేను కాదత్తా. మావ ఆడతాడు.”

మర్నాడు తెప్ప మీద ఎర్రయ్య గవ్వలు పట్టుకొని కూర్చున్నాడు. గవ్వలు ఎంత చెబితే అన్ని బారలు తాడు వెంట ముందుకెళ్ళి నన్ను పెట్టాలి. నాచు మీదయినా సరే, ఇసుక మీదయినా సరే. వల ఆయనది, గవ్వలు ఆయన చేతిలో. ఇక ఎవరు వేలెత్తి చూపుతారు?

“చెమ్మ!” అన్నాడు. నాలుగు బారలు వెళితే ఇసుక. “మూడు!” మళ్ళీ ఇసుక. “రెండు!” ఎండ్రకాయ బొరియ ఒకటి, మిగతాదంతా ఇసుక.

“గవ్వలు నా పక్కే కోడలా!” అని పకపకా నవ్వాడు ఎర్రయ్య.

మరుసటి సంఖ్యకు రత్నం మునిగింది. బారలు లెక్కపెట్టి ఆగిన చోట మళ్ళీ ఇసుకే. చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఎర్ర నాచు ఊగుతోంది. దాని కింద పిల్లలు బిలబిలలాడుతున్నాయి. పైన మామగారికి ఏమీ కనబడదు. ఆమె నన్ను ఆ నాచు వైపు చాపింది. ఒక్క జానెడు జరిపితే చాలు. తరువాత నన్ను వెనక్కి తెచ్చి, ఇసుక మీద, ఉండాల్సిన చోటే పెట్టింది. పలక మీద సున్నా వేసింది. మనుషులు నా ముందు చాలా వేషాలు వేశారు గానీ, ఆ సున్నా అంత అందమైనది మాత్రం నేను ఇంకొకటి చూడలేదు.

“అష్ట!” అని వినబడింది పైనుంచి.

ఎనిమిది బారలు. ఈసారి నేను పచ్చటి పొదలో దిగబడిపోయాను. నా గళ్ళలో ఇసుక అన్నది లేదు. ఒక గడిలో గులివింద పిల్లలు, ఒక గడిలో మా పాత పెద్దమనిషి బొంత పిల్ల. యల్లాజీ పైకి తేలి తండ్రిని పిలిచాడు. ఎర్రయ్య తలపాగా తీసి, అద్దం తగిలించుకొని, తెప్ప అంచు మీంచి నీళ్ళలో ముఖం పెట్టాడు. ఊపిరి చాలక తల ఎత్తడం, మళ్ళీ పెట్టడం.

“గులివింద పిల్లలు కదరా అవి?” అన్నాడు చివరికి, గొంతు తగ్గించి, అవి వింటాయన్నట్టు. “ఉండండి, ఇంకోపాలి ఏత్తాను.”

గవ్వలు అలా పడుతూనే ఉన్నాయి. తాడు మీద తాడు పరిచారు. నాచు తగిలిన చోటల్లా పిల్లలు ఉన్నాయి. ఇసుక తగిలిన చోట దాదాపు ఏమీ లేవు.

పండుగనాడు కులపెద్దల ముందు రత్నం కొత్త ఫొటోలన్నీ పరిచింది. ముందు ఇసుకవే పెట్టింది. “ఎక్కువంతా ఇసుకే తాతా. నాచు ఉన్నది కొంచెమే. కానీ పిల్లలన్నీ ఆ కొంచెంలోనే ఉన్నాయి,” అంది.

పెద్దలు ఫొటోలు ఒకరి చేతినుంచి ఒకరు అందుకున్నారు. ముందుగా మాట్లాడింది ఎర్రయ్యే.

“ఇంతేనా నువ్వు ఇడిసిపెట్టమన్నది? నానింకా సముద్రమంతా అడుగుతున్నావనుకున్నానే! ఈ ముక్క కోసం వల పక్కకి లాగితే మనకి పోయీదేటి?”

పాత ఫొటోలు చూపించి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే నాకిప్పటికీ నవ్వొస్తుంది. అడుగంతా నాచే అయితే ఇక వల ఎక్కడ వేసుకోమంటావని అడిగి ఉండేవారు. ఆ ఇసుక ఫొటోలే నాచును కాపాడాయి.

వల లాగేవాళ్ళకు హద్దు తెలియాలి కదా. పైన తేలడానికి ఒక బెండు, అడుగున దాన్ని పట్టి ఉంచడానికి ఒక బరువు కావాలి. బండరాయి దొరికింది గానీ తాడు జారిపోతోంది. యల్లాజీ నన్ను రాతికి కట్టి, నాకు బెండు తాడు కట్టాడు. రత్నం నన్ను కిందికి దించి, తల మీద చెయ్యి వేసినట్టు నా మూల నిమిరి వెళ్ళింది. మునగడమే నా విద్య అన్నానుగా. మునిగాను.

ఏడాది తిరిగేసరికి నా తెలుపు పోయింది. మొదట జిగురులాంటి పొర, తరువాత పచ్చటి నూగు, ఆ తరువాత ఎర్ర కుచ్చులు. నా చిల్లుల్లో చిన్న పీతలు కాపురం పెట్టాయి. ఒకప్పుడు చేపల్ని లెక్కపెట్టిన గళ్ళలో ఇప్పుడు చేపలే నిద్రపోతున్నాయి.

మొన్న పైనుంచి “మూడు!” అని వినబడింది. కొంచెంసేపటికి మెరిసిపోతున్న కొత్త తెల్ల చట్రం ఒకటి సరిగ్గా నా మీద వాలింది. రత్నం వంగి గళ్ళు లెక్కపెడుతూ, ఒక గడి దగ్గర ఆగిపోయింది. కుచ్చుల మధ్య పంటితో బిగించిన పాత ముడి ఒకటి కనబడింది ఆమెకు. నీళ్ళలోనే నవ్వింది. అద్దంలోకి నీళ్ళు దూరాయి. నాచు తుడిచి నన్ను చూద్దామని చెయ్యి చాపింది. ఆ గడిలో గులివింద పిల్ల ఒకటి మీసాలు కదిపింది.

రత్నం చెయ్యి వెనక్కి తీసుకుంది. పలక అందుకొని, ఆ గడికి ఎదురుగా ‘నాచు’ అని రాసుకుంది.