సిద్దమ్మ బొమ్మ

మూడోసారి కూడా బొమ్మ వెనక్కొచ్చింది.

"ఏమప్పా ఖాసిం వలీ, రాళ్లు కొట్టే ఆడమనిషిని గీయమంటే రాణిని గీసుకొస్తివే! ఇట్లాంటి చేతులతో సుత్తి పడతారా?" అంటూ అచ్చాఫీసు యజమాని వెంకటరమణయ్య శెట్టి కాగితాన్ని బల్ల మీదికి విసిరాడు.

ఎండకు రేకుల కప్పు మండుతోంది. ఈ బొమ్మ కోసమే పిల్లల వాచకం ఇంకా అచ్చుకు పోలేదు. ఖాసిం వలి కర్నూలులో ఒక ఉస్తాదు దగ్గర ఏడేళ్లు బొమ్మలు నేర్చినవాడు. కడపలో అతనికి సాటి లేరని పేరు. తల వంచుకుని సంచిలోంచి వేరే బొమ్మ తీయబోతే, దాంతోపాటు భార్య దౌలత్ బీ బొగ్గుతో గీసిందొకటి బయటపడింది. పాడైన కాగితాల వెనక ఆమె ఏవో గీస్తూ ఉంటుంది. అతనెప్పుడూ పట్టించుకోలేదు.

వెంకటరమణయ్య దాన్ని లాక్కున్నాడు. కంకర కుప్ప ముందు కూర్చున్న ఆడమనిషి. ఎత్తిన సుత్తి. రాయిని అదిమిపట్టిన ఎడమచేతికి మూడే వేళ్లు.

"ఇదప్పా బొమ్మంటే! ఎవురిని చూసి గీస్తివి?"

ఖాసిం వలి తీయబోయిన బొమ్మను సంచిలోకే తోసేశాడు. "ఊరికే... మనసులో తోచింది శెట్టిగారూ."

"ఇట్లాంటివి ఇంకా నాలుగు కావల్ల. రేపు తెచ్చియ్యి. అట్ట మీద నీ పేరు పెద్దగా ఏపిస్తా."

ఏడేళ్లలో ఉస్తాదు నోట కూడా రాని మెప్పు అది. వచ్చింది తన బొమ్మకు కాదు. ఆ అసూయతోనే ఇంటిదాకా నడిచాడు.

గడప ముందు దౌలత్ బీ చింతపండులో గింజలు తీస్తోంది.

"నువ్వు గీసిన ఆ రాళ్లు కొట్టే ఆయమ్మ ఎవురు? యాడ చూస్తివి?"

"సిద్దమ్మ. రాయచోటి దావలో కరువు పనికాడ కంకర కొడతాది. సుత్తి దెబ్బకి రెండు వేళ్లు పోయినాయి. రెండణాల కూలి పోతాదని మూడోనాడే మళ్లా పనికొచ్చె. నీళ్లకు పోయినప్పుడల్లా ఆడ రొంచేపు కూచుంటా." ఆమె తలెత్తింది. "నువ్వు దినామూ ఆ దావనే కదా పోతాండావు?"

నిజమే. ఆరు నెలలుగా ఆ కుప్పల పక్కనుంచే నడుస్తున్నాడు. దుమ్ము తప్ప ఏమీ చూడలేదు. చెయ్యి తిరగడం ఎవరైనా నేర్పుతారు. ఈ చూపు ఎవరి దగ్గర నేర్చుకోవాలో అతనికి తోచలేదు.

నాలుగు తెల్ల కాగితాలు ఆమె ముందు పెట్టాడు. "శెట్టికి ఇంకా బొమ్మలు కావల్లంట. గీయి."

"ఎవురి పేరు ఏస్తారు?"

"నాదే. ఆడదాని పేరు పుస్తకంలో ఏస్తే నలుగురూ ఏమంటారు?"

"ఏమన్నా అననీ. నా పేరు రాయి. ఆ బొమ్మ కింద సిద్దమ్మ పేరు రాయి. అప్పుడు గీస్తా."

"రాయకుంటే?"

"గీయను."

గట్టిగా కూడా అనలేదు. చింతపండు చేటలోకి ఎత్తుకుని లోపలికి పోయింది. పెళ్లయిన పన్నెండేళ్లలో ఆమె అతనికి అడ్డం చెప్పడం అదే మొదలు.

ఖాసిం వలి అరుగు మీద కూర్చుండిపోయాడు. కోపం తెచ్చుకోబోయాడు కానీ రాలేదు. ఆ నాలుగు కాగితాల మీద ఆమె ఏమేం గీసి ఉండేదో చూడాలన్న ఆశ పుట్టింది. ఆ ఆశే అతన్ని అసూయకన్నా ఎక్కువ కాల్చింది.